ఇసుక కుండీలో వాడిపోతున్న డిస్కిడియా తీగ

ప్రశ్న: మాది గజపతి జిల్లా పర్లాకిమిడి. ఫాల్గుణంలో మా వీధిలోకి వచ్చిన మొక్కల బండి దగ్గర మా అబ్బాయి ఒక వేలాడే కుండీ కొన్నాడు. "ముత్యాల తీగ" అని చెప్పి ఇచ్చారు. ఆకులు చిన్నవి, గుండ్రటివి, దళసరిగా జతలు జతలుగా ఉంటాయి. ఇది ఎడారి జాతి అనీ, ఇసుక ఎక్కువగా కలిపి, ఎండలో పెట్టి, పదిహేను రోజులకొకసారి నీళ్లు పోస్తే చాలుననీ తెలిసినవాళ్లు చెబితే అలాగే చేసి డాబా మీద పెట్టాను. ఇప్పుడు ఆకులు ముడతలు పడ్డాయి, కొన్ని పసుపెక్కి రాలుతున్నాయి. తుంచితే పాలు కారుతున్నాయి. పక్కింటి ఒడియా ఆవిడ చూసి ఇది "మిలియన్ హార్ట్స్" అన్నారు. అసలు ఇది ఏ మొక్క? ఇంట్లో రెండేళ్ల మనవడు ఉన్నాడు, ఆ పాలు ప్రమాదమా? కుండీకి చీమలు కూడా పడుతున్నాయి. పెరట్లో మామిడి చెట్టుకు కట్టి పెంచవచ్చునా? ఫొటో పంపుతున్నాను.
ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

సమాధానం: అమ్మా, ఆకులు ఎదురెదురుగా జతలుగా రావడం, తుంచితే పాలు కారడం అని మీరు రాసిన రెండు గుర్తులే మీ మొక్క ముత్యాల తీగ కాదని చెప్పడానికి చాలు. ఫొటోలో కణుపుల దగ్గర దారాల్లాంటి వేళ్లు కుండీ బయటికి చాచుకుని కనిపిస్తున్నాయి. ఆకు చొక్కా గుండీ అంత ఉండి, పైన కాస్త బూడిద రంగు కలిసిన పచ్చదనంతో ఉంది. వీటన్నిటినీ బట్టి ఇది డిస్కిడియా నుమ్యులేరియా అని చెప్పవచ్చు. మీ మొక్కకు వచ్చిన ఇబ్బంది అంతా పేరు దగ్గరే మొదలైంది. ముత్యాల తీగ నేల మీద పాకే మొక్క, డిస్కిడియా చెట్ల కొమ్మలను పట్టుకుని బతికే మొక్క. మొదటిదానికి చెప్పవలసిన పద్ధతిని రెండోదానికి అమలు చేశారు కనుక, మీరు ఎంత శ్రద్ధగా పాటిస్తే అది అంతగా వాడిపోయింది.

వేలాడే దళసరి ఆకుల మొక్కలు కొనేవారికి ఈ గందరగోళం తరచుగా ఎదురవుతుంది కాబట్టి గుర్తుపట్టే పద్ధతిని కొంచెం వివరంగా చెబుతాను. అసలు ముత్యాల తీగ దక్షిణాఫ్రికాలోని తూర్పు కేప్ ప్రాంతానికి చెందినది. దాన్ని 1968లో సెనీసియో రౌలియానస్ అనే పేరుతో వర్ణించారు, 1999లో క్యూరియో అనే ప్రజాతికి (దగ్గరి జాతులన్నిటినీ చేర్చే గుంపుకు) మార్చారు. దాని ఆకు బఠాణీ గింజ మాదిరి పూర్తిగా గుండ్రంగా ఉంటుంది, కొసన చిన్న మొన ఉంటుంది. వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూస్తే ఒక పక్కన సన్నటి పారదర్శకమైన చార కనిపిస్తుంది. ఆ చార గుండా వెలుతురు ఆకు లోపలికి చేరుతుంది. ఆకులు జతలుగా కాక కాండం వెంట ఒకదాని తరువాత ఒకటిగా వస్తాయి, తుంచితే తెల్లటి పాలు రావు. పూలు తెల్లటి చిన్న బొడిపెల్లాగా వచ్చి దాల్చిన చెక్క వాసన వేస్తాయి. మీ మొక్క ఆకు గుండ్రంగానే ఉన్నా బల్లపరుపుగా ఉంది. రెండు వేళ్ల మధ్య పెట్టి నొక్కితే ఈ తేడా వెంటనే తెలుస్తుంది.

మీ పక్కింటి ఆవిడ మాట తప్పు కాదు, గురికి చాలా దగ్గరగా పడింది. మిలియన్ హార్ట్స్ పేరుతో అమ్మేది డిస్కిడియా రస్కిఫోలియా. అది ఫిలిప్పీన్స్ దీవులది, మీ మొక్కకు దగ్గరి బంధువు. దాని ఆకు హృదయాకారంలో ఉండి కొసన సూదిగా తేలుతుంది, మీ దాని ఆకు గుండ్రంగానే ముగుస్తుంది. పెంపకం రెండింటికీ ఒకటే కనుక ఆవిడ ఆ పేరుతోనే పెంచినా నష్టం ఉండదు. ఇక నర్సరీల్లో టర్టిల్ వైన్ అని ఇచ్చేది కలీసియా రెపెన్స్. దాని ఆకు మొదలు కాండాన్ని చుట్టుకుని ఉంటుంది, ఆకులు జతలుగా రావు, పాలు ఉండవు, కాండం ముట్టుకుంటేనే పుటుక్కున తెగుతుంది. గుండ్రటి ఆకుల పెపరోమియాలను కూడా ఇదే వరుసలో వేలాడదీస్తారు. వాటికీ పాలు ఉండవు, పూసినప్పుడు సన్నటి కంకి నిటారుగా లేస్తుంది. పాలు, జత ఆకులు, కణుపు వేళ్లు అనే మూడు గుర్తులూ ఒకే తీగలో కలిసి ఉంటే దీనికి దగ్గరి బంధువైన హోయా గానీ డిస్కిడియా గానీ అయి ఉండాలి. పువ్వు చూస్తే ఆ సందేహమూ తీరుతుంది. హోయా పువ్వు నక్షత్రంలా విప్పారుతుంది, డిస్కిడియా పువ్వు ఆకు మొదట్లో బియ్యపు గింజ కంటే చిన్నదిగా, మూతి ముడుచుకున్న చిన్న కుండ ఆకారంలో తెల్లగా ఉండిపోతుంది. వెతికితే తప్ప కనపడదు కనుక, మీ మొక్క ఈపాటికే ఒకసారి పూసి ఉండవచ్చు, మీరు గమనించకపోయి ఉండవచ్చు.

డిస్కిడియా ప్రజాతికి ఆ పేరు పెట్టి 1810లో ప్రకటించినవాడు రాబర్ట్ బ్రౌన్ అనే స్కాట్లండ్ వృక్షశాస్త్రజ్ఞుడు. మీ మొక్క జాతి ఈశాన్య భారతం మొదలుకొని ఆగ్నేయాసియా మీదుగా ఉత్తర ఆస్ట్రేలియా దాకా అడవుల్లో చెట్ల మీద పెరుగుతుంది. జిల్లేడు, నందివర్ధనం, గన్నేరు ఉన్న కుటుంబమే దీనిదీ కనుక పాలు కారడంలో ఆశ్చర్యం లేదు. చెట్టును పట్టుకుని ఉన్నంత మాత్రాన ఇది చెట్టు రసం పీల్చదు. మామిడి కొమ్మల మీద పడి చెట్టును పిండేసే బదనికకూ దీనికీ పోలిక లేదు. కొమ్మ దీనికి నిలువ నీడ మాత్రమే. వాన నీటినీ, బెరడు సందుల్లో చేరిన ఆకుల కుళ్లునూ ఆధారం చేసుకుని బతుకుతుంది. వాన ఆగిన గంటకే బెరడు ఆరిపోతుంది కాబట్టి నీళ్లు దాచుకోవడానికి దళసరి ఆకులు ఏర్పడ్డాయి. ఆకు దళసరిగా ఉన్న మొక్క అనగానే మనవాళ్లు ఎడారి మొక్క అనుకోవడం వల్ల ఈ పొరపాటు వస్తోంది. ఎడారి మొక్కకు తడి అరుదు, గాలిలో తేమా అరుదు. కొమ్మ మీది మొక్కకు తడి తరచుగా దొరుకుతుంది, కానీ ఒక్కసారి కూడా ఎక్కువసేపు నిలవదు, వేళ్లకు ఎప్పుడూ గాలి తగులుతుంది. ఈ ఒక్క తేడా మనసులో పెట్టుకుంటే మిగతా పద్ధతులన్నీ మీకే తడతాయి.

ఇప్పుడు మీరు ముందుగా చేయవలసిన పని ముడతలకు కారణం దాహమా, వేళ్ల కుళ్లా అని తేల్చుకోవడం. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి, ఎందుకంటే వేరు కుళ్లినా ఆకుకు నీళ్లు అందవు. కుండీని డాబా మీది నుంచి దించి నీడలోకి తెచ్చి, బకెట్టులో నీళ్లు నింపి, కుండీ అంచు దాకా మునిగేలా అరగంటసేపు ఉంచండి. తరువాత తీసి నీళ్లన్నీ కారిపోనిచ్చి వసారాలో వేలాడదీయండి. దాహమే అయితే కొద్ది రోజుల్లో, ఆలస్యమైతే వారంలో, ముడతలు విప్పుకుని ఆకు బిగుతుగా అవుతుంది. ఇప్పటికే పసుపెక్కిన ఆకులు మాత్రం తిరిగి పచ్చబడవు, వాటిని గురించి చింత వద్దు. వారం గడిచినా మార్పు లేకుండా, ఆకులు మెత్తబడి నీరుకారుతున్నట్టు రాలుతుంటే మొక్కను కుండీలోంచి తీసి వేళ్లు చూడండి. మంచి వేరు లేతరంగులో గట్టిగా ఉంటుంది. కుళ్లిన వేరు గోధుమ రంగులో ఉండి, రెండు వేళ్లతో పట్టి లాగితే పైతోలు జారి చేతికి వచ్చి లోపల ఒక సన్నటి పోగు మిగులుతుంది. అలాంటి వేళ్లను మొహమాటం లేకుండా కత్తిరించి పారేయండి. మీ వర్ణన ప్రకారం రెండు వారాలకొకసారే నీళ్లు పోశారు, ఎండాకాలమంతా మొక్క డాబా మీదే ఉంది కాబట్టి ఇది చాలావరకు దాహమేనని నా అభిప్రాయం.

ఏది తేలినా ఆ ఇసుకలోంచి మొక్కను తీసివేయవలసిందే. ఇసుక కలిపిన మట్టి ఎండాకాలంలో పెళ్లలా గట్టిపడుతుంది, వానాకాలంలో బిగుసుకుని వేళ్లకు గాలి ఆడనివ్వదు. ఈ విషయంలో మీ ఊరివారికి ఉన్న సౌకర్యం పెద్ద నగరాల వారికి లేదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం కొబ్బరి తోటలు మీకు దగ్గరే కనుక, ఇతరులు నర్సరీలో డబ్బు పెట్టి కొనే కొబ్బరి డొక్క మీకు దాదాపు ఊరికే దొరుకుతుంది. బాగా ఎండిన పాత డొక్కలు తెచ్చి బొటనవేలి గోరంత ముక్కలుగా కొట్టండి. డొక్కలో ఉండే ఉప్పూ, గోధుమరంగు వగరూ వేళ్లకు పడవు కాబట్టి, రాత్రంతా నానబెట్టి ఆ నీళ్లు పారబోయాలి, నీళ్లు దాదాపు తేటగా వచ్చేదాకా రోజూ మార్చి మార్చి నానబెట్టాలి. ఈ ఓపిక లేకపోవడం వల్లనే చాలామందికి కొబ్బరి డొక్కలో మొక్కలు నిలవవు. రెండు పాళ్లు డొక్క ముక్కలకు ఒక పాలు కట్టెల బొగ్గు ముక్కలు, అర పాలు కొబ్బరి పొట్టు కలిపితే సరిపోతుంది. పశువుల ఎరువు, వర్మీ కంపోస్టు ఇందులో కలపకండి. అవి మెత్తగా కూరుకుపోయి గాలి సందులను మూసేస్తాయి. కుండీ చిన్నదే మంచిది, పైమూతి నాలుగైదు అంగుళాలు ఉండి అడుగున బెజ్జాలు ధారాళంగా ఉంటే చాలు. పెద్ద కుండీలో వేళ్లు లేని చోట తడి నిలిచి కుళ్లు మొదలవుతుంది.

నీళ్లకు ఇన్ని రోజులకొకసారి అనే లెక్క పెట్టుకోకండి. వేలు లోపలికి పెట్టి చూసినప్పుడు పైభాగం ఆరిపోయి అడుగున లేశంగా తడి ఉంటే అదే సమయం. కొన్నాళ్లకు కుండీ ఎత్తి చూస్తేనే బరువును బట్టి మీకు తెలిసిపోతుంది. పోసినప్పుడు అడుగు నుంచి కారేదాకా పోయాలి, కింద పళ్లెంలో నీళ్లు నిలవనీయకూడదు. వైశాఖ జ్యేష్ఠ మాసాల్లో రెండు మూడు రోజులకొకసారి అవసరం కావచ్చు, ముసురు పట్టినప్పుడు వారం దాటినా అక్కర్లేకపోవచ్చు. మీ బోరు నీళ్లలో సున్నం ఎక్కువుంటే ఆకుల మీద తెల్లటి మచ్చలు కడతాయి. వాన నీళ్లు పట్టి ఉంచుకోగలిగితే అంతకంటే మంచిది లేదు. వేలాడే కుండీలు పెట్టుకున్నవారికి మరొక మాట. మన ప్రాంతానికి తుపాను అంటే ఆశ్వయుజ కార్తికాల్లో వచ్చే చుట్టం. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ గజపతి జిల్లా మీద ఎంత వాన కుమ్మరించిందో మీకు చెప్పనక్కర్లేదు. తుపాను హెచ్చరిక విన్న వెంటనే కుండీలను దించి గోడ పక్కన నేల మీద పెట్టండి. గాలికి ఊగి తీగలు ఒరుసుకుని తెగడం ఒక నష్టం, రెండు మూడు రోజులు ఎడతెగని వానలో నానడం రెండో నష్టం.

వెలుతురు సంగతి. ఈ మొక్క చీకటి గదిలో బతకదు, అడవిలో వెలుతురు బాగా పడే కొమ్మల మీద కూడా పెరుగుతుంది. అయితే అక్కడ ఎండతో పాటు గాలిలో తేమ ఉంటుంది, మీ డాబా మీద కింద కాంక్రీటు వేడి, పైన వేసవి మధ్యాహ్నపు ఎండ. తూర్పు వసారాలో, ఉదయం తొమ్మిది దాకా ఎండ తగిలి తరువాత వెలుతురు మాత్రమే ఉండే చోటు దీనికి అన్నిటికంటే అనువైనది. పెంకుటింటి చూరు కింద వేలాడదీస్తే ఇంకా బాగుంటుంది. ఆకులు ఎర్రబారి పసుపు కలిస్తే ఎండ ఎక్కువైందని, కణుపుల మధ్య దూరం పెరిగి ఆకులు చిన్నబోతే వెలుతురు చాలలేదని అర్థం చేసుకోండి. మీ ఊరి చలి దీన్ని పెద్దగా బాధించదు. కానీ సుమారు 870 మీటర్ల ఎత్తున ఉన్న కోరాపుట్ వంటి చోట్ల ఉండే పాఠకులు పుష్య మాఘాల్లో రాత్రిపూట మొక్కను ఇంటి లోపలికి తెచ్చుకోవాలి, ఆ రోజుల్లో నీళ్లు బాగా తగ్గించాలి.

ఎరువు విషయంలో తక్కువ చేసినా తప్పులేదు, ఎక్కువ చేస్తేనే ముప్పు. ఎరువుల దుకాణాల్లో దొరికే 19:19:19 పొడిని (నత్రజని, భాస్వరం, పొటాష్ సమపాళ్లలో ఉండేది) లీటరు నీటికి అర గ్రాము చొప్పున కరిగించి, మొక్క కొత్త చిగుళ్లు వేస్తున్న నెలల్లో నెలకొకసారి పోస్తే చాలు. మీ మొక్క కోలుకుని చిగురు తొడిగేదాకా అది కూడా వద్దు.

చీమల గురించి మీరు అడిగినది నిజంగా ఆసక్తికరమైన ప్రశ్న. అడవిలో డిస్కిడియాకూ చీమలకూ స్నేహం ఉంది. ఈ ప్రజాతిలోనే డిస్కిడియా మేజర్ అనే మరొక జాతి కొన్ని ఆకులను సంచుల్లా ఉబ్బించి చీమలకు కాపురం ఇస్తుంది, చీమలు లోపల చేర్చిన చెత్తలోకి తన వేళ్లనే పంపి పోషకాలు తీసుకుంటుంది. మీ జాతికి అలాంటి సంచులు ఉండవు, అయినా అడవిలో దాని వేళ్లు చీమల పుట్టల్లోకి పాకి ఉండటం కనిపిస్తుంది. అయితే ఇంట్లో వేలాడే కుండీకి చీమలు బారులు తీరాయంటే ఆ స్నేహం కంటే పిండినల్లిని ముందుగా అనుమానించాలి. ఆకు జత కాండాన్ని తాకే మూలలో, ఆకుల అడుగున దూది పింజల్లా తెల్లగా ఏమైనా ఉందేమో చూడండి. పిండినల్లి విసర్జించే తీపి జిగురు కోసమే చీమలు వస్తాయి, వాటిని ఒక తీగ నుంచి మరో తీగకు మోసుకుపోతాయి కూడా. కొద్దిగా ఉంటే దూదిని స్పిరిట్‌లో ముంచి తుడిచేయండి. ఎక్కువ ఉంటే లీటరు నీటికి అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, నూనె కలిసేందుకు కొన్ని చుక్కల సబ్బు ద్రావణం వేసి, ముందు ఒక తీగ మీద చల్లి రెండు రోజులు చూసి, ఆకులకు ఏమీ కాకపోతే అప్పుడు సాయంత్రం వేళ మొక్కంతా తడిసేలా చల్లండి. వారం తరువాత మరోసారి చల్లాలి, గుడ్లలోంచి వచ్చిన పిల్లలు మొదటిసారి మందుకు దొరకవు. చీమల మందు ఒక్కటే వేస్తే చీమలు పోతాయి గానీ రసం పీల్చే పురుగు అక్కడే ఉంటుంది.

మీ మనవడి విషయం. డిస్కిడియాను విషపు మొక్కల్లో లెక్కించరు, కాబట్టి ఒక ఆకు నోట్లో పెట్టుకున్నాడని కంగారు పడనక్కర్లేదు. నోరు కడిగించి, మంచినీళ్లు తాగించి కనిపెట్టుకుని ఉంటే సరిపోతుంది. పాలు మాత్రం చర్మం మీద మంట పుట్టించవచ్చు, కంట్లో పడితే బాధ ఎక్కువ. కంట్లో పడితే ధారగా నీళ్లతో కడిగి డాక్టరుకు చూపించండి, పెదవులు వాచినా వాంతులైనా కూడా అంతే. అసలైన ముత్యాల తీగ అయి ఉంటే నా సమాధానం వేరుగా ఉండేది, దానిలో తింటే హాని చేసే పదార్థాలు ఉన్నాయి, పైగా పిల్లలకు బఠాణీలని అనిపించే ఆకారం. పసిపిల్లలు, పెంపుడు జంతువులు ఉన్న ఇంటికి దాన్ని నేను సిఫారసు చేయను. అదీగాక బరంపురం, పర్లాకిమిడి వంటి ఉక్కపోత ఊళ్లలో వానాకాలానికి అది కుళ్లిపోవడమే ఎక్కువగా జరుగుతుంది. ఆ విధంగా మొక్కల బండి అతను పేరు తప్పు చెప్పినా మీకు మేలే చేశాడు.

చివరగా మామిడి చెట్టు. తప్పకుండా కట్టవచ్చు, మీ వాతావరణంలో అది కుండీ కంటే బాగా నిలిచే అవకాశం ఉంది. అయితే ఉన్న ఒక్క మొక్కనూ చెట్టుకు తరలించకుండా ముందు కొన్ని ముక్కలు వేళ్లు పట్టించండి. ఇప్పుడు వానలు మొదలయ్యాయి కనుక శ్రావణం దాటేలోగా ఈ పని చేస్తే అన్నివిధాలా అనుకూలం. ముడతలు లేని తీగను ఎంచుకుని నాలుగైదు కణుపులు ఉండే ముక్కలుగా కోసి, కోసిన చోట పాలు ఆరేదాకా కాసేపు నీడలో ఉంచి, తడిపి పిండిన కొబ్బరి పొట్టు మీద పడుకోబెట్టి కణుపులు దానికి ఆనేలా సన్నటి లోహపు తీగ ముక్కతో అదిమి పెట్టండి. నీడలో, తడి ఆరకుండా ఉంచితే నెల రోజుల్లో కొత్త వేళ్లు పట్టుకుంటాయి. కొన్ని దళసరి ఆకుల మొక్కలకు ఒక్క ఆకు పడేసినా మొక్క వస్తుందని మీరు విని ఉంటారు, రణపాలలో రోజూ చూస్తున్నదే. దీని ఆకు ఒంటరిగా వేరు తొడిగినా చిగురు వేయడం అరుదు, కాబట్టి కణుపు లేని ఆకుల మీద ఆశ పెట్టుకోకండి.

వేళ్లు పట్టిన ముక్కలను మామిడి మొదలుకు ఉత్తరం వైపునో తూర్పు వైపునో, మీ చేతికి అందే ఎత్తులో, బెరడు పగుళ్లు ఉన్న చోట ఆనించి, వెనక కొంచెం కొబ్బరి పీచు పెట్టి నూలు తాడుతో వదులుగా కట్టండి. ఇనుప తీగ, ప్లాస్టిక్ తాడు వాడితే కాండం కోసుకుపోతుంది. జామ చెట్టుకు మాత్రం కట్టవద్దు, దాని బెరడు పొరలు పొరలుగా ఊడిపోతుంది కనుక మొక్క పట్టుకోలేదు. వానలు లేని రోజుల్లో సాయంత్రం ఒకసారి నీళ్లు చిలకరించండి. మామిడికి తేనెమంచు పురుగు కోసం మందు కొట్టేటప్పుడు డిస్కిడియా ఉన్న చోటును గోనె గుడ్డతో కప్పండి. కుండీలోని మొక్క పూసినప్పుడు ఆ పువ్వు ఫొటో దగ్గరగా తీసి పంపితే, జాతి గురించి పైన చెప్పినదాన్ని నేను మరొకసారి సరిచూసి మీకు రాస్తాను.